పోర్తోలో తెల్లవారడం

ఐసెలిన్, న్యూజెర్సీ
ఏప్రిల్ 5, 2009

దమయంతి వదినకు,

నాన్న తన పెద్ద అట్లాసు నాకు కాకుండా నీకెందుకిచ్చాడు?

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. పెళ్లికి ముందు అడగబోయి మానేశాను. అమెరికా వచ్చాక ఫోన్‌లో రెండుసార్లు నోటిదాకా వచ్చి వెనక్కు పోయింది. నలభై అయిదేళ్ల మనిషి అడిగే మాటేనా అని నవ్వుకో, కాని జవాబు రాయి. ఆ నీలం అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, భీమిలి ఇంట్లో కిటికీ పక్క అల్మరాలో పైఅర. చేతులు కడుక్కుంటే గాని నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. అలాంటిది నువ్వు మా ఇంట్లో ఉండి టెన్త్ చదువుతున్న ఏడు, ఒక సాయంత్రం దాన్ని తీసి నీ చేతిలో పెట్టేశాడు. పరీక్షలు కావు, నీ పుట్టినరోజు కాదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.

మెయిల్ మానేసి కాగితం ఏమిటనుకుంటున్నావేమో. నాన్న వచ్చినప్పటినుంచి మా ఇంటి కంప్యూటర్ ఆయనది. భూతద్దం పెట్టుకుని తెర మీద ఏముంటే అది పైకి చదువుతున్నాడు. మొన్న అమర్‌నాథ్ ఆఫీస్ మెయిల్ మొత్తం చదివి, అల్లుడని కూడా చూడకుండా, "మీ మేనేజరుకు వాక్యం ముగించడం రాదయ్యా" అన్నాడు. ఇంట్లో ఫోన్ మోగినా ముందు ఆయనే తీస్తున్నాడు. అందుకని నువ్వు నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి రాయి. అడ్రసు కవరు వెనక ఉంది.

నాన్న పుస్తకం "ఏటి ఒడ్డు నగరాలు" మళ్లీ అచ్చు వేస్తున్నారు. ఆయన శిష్యుడు ఆంజనేయప్రసాద్ ఎడిసన్‌లో ఉంటాడు, ఇక్కడ నెలనెలా తెలుగువాళ్ల సాహిత్య సమావేశం నడుపుతాడు. ఆగస్టులో ఆవిష్కరణ, నాన్న చేతుల మీదుగానే. టైపు నాది. పన్నెండు నగరాల్లో చివరిది నీకు గుర్తుండే ఉంటుంది. పోర్తో.

అప్పటికి మద్రాసు దాటి ఎరగని మనిషి ఆ ఊరి గురించి ఎలా రాశాడో ఇక్కడివాళ్లకు చెబితే నమ్మడం లేదు. హార్బర్‌లో క్రేన్ నడిపే కోటయ్య బాబాయి ఏదో ఓడ నుంచి తెచ్చిచ్చిన బొమ్మల పుస్తకం ఒక్కటే ఆధారం. అదీ పోర్చుగీసులో ఉంది. నాన్నకు ఒక్క ముక్క తెలియదు. ఆదివారాలు బస్సెక్కి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి ఇంగ్లీషు గ్రంథాల్లో చరిత్ర పోగు చేసుకున్నాడు. ఊరిని మాత్రం బొమ్మలు చూసి కట్టుకున్నాడు.

ఆ అధ్యాయం మొదలు నీకూ నోటికి వచ్చే ఉంటుంది. "పోర్తోలో తెల్లవారడం సముద్రం మీద మొదలవుతుంది. ముందు దీపస్తంభం తెల్లబడుతుంది, తరువాత ఏరు, ఆ తరువాత మెట్ల వీధులు. అప్పటికే గట్టున చేరిన బెస్త స్త్రీలు కళ్లకు చేతులడ్డం పెట్టుకుని, వస్తున్న పడవల్లో తమ పడవను వెతుక్కుంటారు." జిల్లా వక్తృత్వ పోటీలో నేను చెప్పి కప్పు తెచ్చుకున్నది ఇదే.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి చెబుతున్నాను. ఎమ్మే చదివేటప్పుడు ఒక మధ్యాహ్నం పోర్చుగల్ మ్యాప్ ముందు కూర్చుని ఉండగా కనిపెట్టాను. సముద్రం ఆ ఊరికి పడమట ఉంది. అక్కడ పొద్దు సముద్రంలో గుంకుతుంది గాని లేవదు. భీమిలిలో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ల మీద సగం సూర్యుడంటే ఉదయమే. బొమ్మలో అది కనబడగానే ఆయనకు తెల్లవారిపోయింది. నాకు అర్థం కానిదల్లా ఒకటే. కళ్లు మూసుకుని బోర్డు మీద ప్రపంచ పటం గీసే మాస్టారు, తరువాతైనా చూసుకోలేదా?

నువ్వు జూన్‌లో కాన్ఫరెన్స్‌కి పోర్తో వెళుతున్నావు కదా. నీ కళ్లతో చూడు. ఆ ఏరు ఎక్కడైనా వంపు తిరిగి, ఏదో ఒక మలుపులో పొద్దు నీళ్లలోంచి లేస్తున్నట్టు కనిపిస్తుందేమో చూడు. ఆగస్టులో ఆయన అరవైమంది ముందు నిలబడతాడు. వాళ్లలో సగంమంది ఆయన దగ్గర భూగోళం చదువుకున్నవాళ్లో, వాళ్ల పిల్లలో. ఎవడో ఒకడు లేచి మాస్టారూ ఇది తప్పు అంటే, ఆ తల వంగడం నేను చూడలేను.

నీ
రాధ

•

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
ఏప్రిల్ 19, 2009

రాధకు,

నీ ఉత్తరం చూసి ఎవరైనా పోయారేమో అనుకున్నారు మా ఇంట్లో. ఈ దేశంలో చేత్తో అడ్రసు రాసిన కవరు ఎవరు పంపుతారే?

అట్లాసు సంగతి ఏముంది, క్లాసులో ఫస్టు నాది, నీకు లెక్కల్లో ముప్ఫై ఎనిమిది. మావయ్యకు మనుషుల్ని అంచనా కట్టడం తెలుసు. ఇందులో ముప్ఫై ఏళ్లు ఆలోచించడానికేముందో నాకు అర్థం కాలేదు.

పోర్తో తప్పకుండా చూస్తాను. నా పాత కాపీ పట్టుకెళతాను. అందులో రెండు పేజీలు ఊడిపోయాయి, నువ్వు టైపు చేసినవి పంపు. కాన్ఫరెన్స్ మూడు రోజులు, నేను మరో నాలుగు రోజులు కలుపుకున్నాను. మా ఆయన రానన్నాడు. మంచిదే అయింది, ఆయనతో నడిస్తే ప్రతి సందులో కాఫీ తాగాలి.

ఒక్కటి మాత్రం విను. ఆ పుస్తకం మావయ్యది. టైపు నీదైనంత మాత్రాన చెయ్యి పెట్టకు. ఉన్నది ఉన్నట్టు టైపు చెయ్యి.

దమయంతి

•

ఐసెలిన్
మే 17, 2009

వదినా,

నీ జవాబు నేను నమ్మలేదని ముందే చెబుతున్నాను. మార్కులు చూసి వస్తువులిచ్చే మనిషి కాదు నాన్న. పోనీలే.

పదకొండు నగరాలు అయ్యాయి. రోజూ నాలుగున్నరకు నేను ఇంటికి రాగానే ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్లాసుకు వెళ్లే మనిషిలా సిద్ధంగా ఉంటాడు. నేను ప్రూఫు పైకి చదువుతాను, ఆయన కళ్లు మూసుకుని వింటాడు. కామా చోటు తప్పితే వేలు లేపుతాడు. పన్నెండు అధ్యాయాలకూ పటాలు మళ్లీ తనే గీశాడు. డెబ్భై తొమ్మిదేళ్లు, కుడికన్ను మసక, అయినా దోరో నది స్పెయిన్ కొండల్లోంచి దిగి పోర్తో దగ్గర సముద్రంలో కలిసేదాకా పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో గీశాడు. అమర్‌నాథ్ ఇంటర్నెట్‌లో పటం తెరిచి పక్కన పెట్టుకుని చూశాడు. ప్రతి వంపూ సరిపోయింది. నాకు ఎంత గర్వమేసిందో. ఆ పటంలో సముద్రం ఎడమచేతివైపే ఉంది వదినా, పడమటే. గీసిన చేతికి తెలిసింది రాసిన చేతికి తెలియదా?

నిన్న పోర్తో అధ్యాయం ప్రూఫు తీశాను. మొదటి మాట పలికానో లేదో చెయ్యి ఎత్తాడు. "అది వదిలెయ్ రాధా. అది నీకు నోటికొచ్చిందే కదా. రెండో పేరా నుంచి చదువు." నేను అలాగే చేశాను. విననందుకు ముందు ఊపిరి పీల్చుకున్నాను. తరువాత అదీ బాధగానే ఉంది.

భవిత ఇంకో గండం. ఓక్ ట్రీ రోడ్‌లో కూరలు కొనుక్కుని వస్తూ తాతగారి పుస్తకంలో ఏముందని అడిగితే ఆ పేరా చెప్పాను. వెంటనే, "అమ్మా, పోర్చుగల్‌కి ఓషన్ వెస్ట్ సైడ్ కదా. సన్ అక్కడ సెట్ అవుతుంది, రైజ్ అవదు. దమయంతి అత్త హౌస్ లాగ" అంది. పదమూడేళ్ల పిల్లకు ఒక్క క్షణం పట్టింది. తాతయ్య ముందు అనకు అన్నాను. "వై? తాతకి మిస్టేక్స్ పట్టుకోవడం ఇష్టం కదా" అంది. నేను సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను, వెనకవాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

భవితకే తెలిస్తే ఆ హాలులో ఎవరికి తెలియదు చెప్పు?

చెప్పెయ్యాలా ఆయనకు? నీ ఉత్తరం వచ్చేదాకా ఆ పేజీ అలాగే పెట్టి ఉంచుతాను.

రాధ

•

ఫ్రీమాంట్
జూన్ 14, 2009

రాధా,

మొన్న వచ్చాను. కాళ్లు ఇంకా పీకుతున్నాయి. "ఈ ఊరిలో తిన్నని దారి ఒక్క ఏటిదే" అని మావయ్య రాశాడు చూడు, అందులో పిసరంత అతిశయోక్తి లేదు. మెట్లెక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఎవరినీ దారి అడగకుండా నాలుగు రోజులు తిరిగానంటే నమ్ము.

రిబెయిరా అని ఏటి ఒడ్డు పేట. ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి, కిటికీల్లో బట్టలారేసుకుని నిలబడ్డాయి. గోడల మీద ఏ ఏడు ఏరు ఎంత ఎత్తుకు పొంగిందో గీతలున్నాయని మావయ్య రాశాడు. ఉన్నాయి. ఒకటి నా తలకన్నా ఎత్తున ఉంది. 1809లో ఫ్రెంచి సైన్యం తరుముకొస్తుంటే జనం పడవల వంతెన మీద పడి పరిగెత్తి, అది విరిగి వందలమంది ఏట్లో పోయారని ఆయన రాసిన చోట గోడకు కంచు ఫలకం ఉంది, దాని కింద ఎవరో అప్పుడే వెలిగించి వెళ్లిన కొవ్వొత్తులున్నాయి. రెండువందల ఏళ్లయింది రాధా. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను, అందరూ నా కాళ్ల వంక చూశారు.

రెండంతస్తుల ఇనుప వంతెన ఆయన చెప్పినట్టే కొండ నడుము నుంచి కొండ నడుముకు వేసి ఉంది. ఒక్క ముక్క మార్చుకో, పైఅంతస్తు మీద ఇప్పుడు కార్లు లేవు, మెట్రో రైలు వెళుతోంది. వైన్ కొట్లన్నీ ఎదుటి గట్టున ఉన్నాయని, అది గాయా అనే వేరే ఊరని, పేరు మాత్రం పోర్తో కొట్టేసిందని మావయ్య రాశాడా, అక్కడ మా గ్రూపులో ఎవరికీ ఆ సంగతి తెలియదు. నేనే అందరికీ చెప్పాను. మా డైరెక్టర్ నన్ను ఇంతకుముందు వచ్చావా అని అడిగాడు. మా మావయ్య వచ్చారన్నాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత హాయిగా వచ్చిందో.

లాపా చర్చికీ వెళ్లాను. ఏడాదిపాటు ముట్టడిలో తిండి లేక మాడి కూడా లొంగని ఊరికి రాజు చనిపోతూ తన గుండెను ఇచ్చిపోయాడని, దాన్ని గోడలో దాచుకున్నారని రాశాడే, ఆ గోడ చూశాను. రైల్వే స్టేషన్‌లో ఇరవై వేల నీలం పలకల మీద చరిత్రంతా బొమ్మలు గీసి ఉంది. రైలు తప్పినా పర్లేదన్నట్టు జనం తలలెత్తి నిలబడ్డారు. ఓడలకు మాంసమంతా ఇచ్చేసి పేగులు వండుకు తిన్న ఊరని అక్కడివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ కూర చూశాను. తినలేదు.

ఇక నువ్వు అడిగింది. గెస్ట్‌హౌస్ ముసలావిడకు కాస్త ఇంగ్లీషు వచ్చు. మా ఊరి గురించి మీ భాషలో పుస్తకమా అని తడిమి తడిమి చూసింది. నేను మొదటి పేరా ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, "మా ఆయన రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీ, సాయంత్రం లేచేవాడు. ఆయనకు సరిగ్గా ఇలాగే తెల్లవారేది" అంది. రేపు ఒకటో నంబరు ట్రాము ఎక్కు, సముద్రం దాకా వెళుతుందంది. పాత చెక్క ట్రాము, ఏటి పక్కనే వెళుతుంది. చివర దిగితే దీపస్తంభం. గోడ మీద కూర్చున్నాను. చుట్టూ జనం ఐస్‌క్రీం తింటున్నారు. పొద్దు తిన్నగా సముద్రంలోకి దిగిపోయింది. మర్నాడు పొద్దున ఇంకోసారి వెళ్లాను, నీకోసమే. సూర్యుడు ఊరి వెనక మేడల మధ్య నుంచి ఎప్పుడు వచ్చాడో కూడా తెలియలేదు. వంపూ లేదు, మలుపూ లేదు.

నా కాపీ ఆవిడకు ఇచ్చేసి వచ్చాను. అది ఉన్నది ఉన్నట్టే బాగుందంది ఆవిడ. నా మాటా అదే.

దమయంతి

•

ఐసెలిన్
జూలై 5, 2009

వదినా,

నీ ఉత్తరం లైబ్రరీలో నాలుగుసార్లు చదివాను. అయిదోసారి ఇంటికి తీసుకెళ్లి, ఎవరి దగ్గరి నుంచని చెప్పకుండా, ఫలకం సంగతీ వరద గీతల సంగతీ నాన్నకు చెప్పాను. ఆయన లేచి వెళ్లి భవితను పిలిచి, "ఇదిగో అమ్మా, తాత చూడకుండా రాసినవి, చూసినవాళ్లు ఒప్పుకుంటున్నారు" అన్నాడు. అరగంట సేపు హాల్లో అటూ ఇటూ తిరిగాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ నడక చూసే నేను నిశ్చయించుకున్నాను. నీకు నచ్చదు, తెలుసు. మార్చాను.

"పోర్తోలో పొద్దు సముద్రం మీద గుంకుతుంది. ముందు మెట్ల వీధులు మసకబారతాయి, తరువాత ఏరు, అన్నిటికన్నా చివర దీపస్తంభం. అప్పటికే గట్టున చేరిన బెస్త స్త్రీలు కళ్లకు చేతులడ్డం పెట్టుకుని, వస్తున్న పడవల్లో తమ పడవను వెతుక్కుంటారు."

ఆయన మాటలే, వరస తిరగేశానంతే. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. వాక్యం నడక ఎక్కడా చెడలేదు. ఇరవై ఏళ్లు ఇతరుల పుస్తకాలకు కేటలాగు కార్డులు రాసిన చెయ్యి, మొదటిసారి ఒక పుస్తకంలోకి వెళ్లింది. అయితే ఆ ముచ్చటే నన్ను భయపెడుతోంది. ఆయన్ని కాపాడటానికి చేశానా, నాకే చెయ్యాలని ఉండి చేశానా?

ప్రూఫు ఆంజనేయప్రసాద్‌కు గురువారం పంపేశాను. మెట్రో రైలు ముక్క కూడా చేర్చాను. దానికి నాన్నను అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నాడు. దీనికి అడగలేదు.

రాధ

•

ఫ్రీమాంట్
జూలై 12, 2009

రాధా,

ప్రెస్‌కి వెళ్లకపోయి ఉంటే ఆపు. వెళ్లిపోయి ఉంటే ఇక నేను చెప్పేదేమీ లేదు.

ఇంకో మాట, నువ్వు అంత మురిసిపోతున్నావు కాబట్టి. వంతెన మీద నిలబడి చూసిన రోజు చివరి వెలుగు దీపస్తంభం మీద లేదు. గాయా కొండ మీద గుండ్రటి మఠం ఒకటి ఉంది, దాని గోడ మీద ఉంది. కిందవన్నీ మసకబారాక కూడా అది ఎర్రగా ఉంది. నీదీ చూడకుండా రాసిందే.

దమయంతి

•

ఐసెలిన్
ఆగస్టు 17, 2009

వదినా,

నీ చిన్న ఉత్తరానికి కోపం వచ్చి ఇన్నాళ్లు రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

నిన్న ఆవిష్కరణ జరిగింది. అరవై అనుకుంటే తొంభై మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడల పక్క నిలబడ్డారు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఒకాయన స్టేజి ఎక్కి, స్కూల్లో ఉండగా మాస్టారు తనచేత నైలు నది గీయించిన సంగతి చెబుతూ గాలిలో వేలితో మళ్లీ గీశాడు. నాన్న కింద నుంచి, "డెల్టా మర్చిపోయావు" అన్నాడు. హాలంతా నవ్వింది. నాన్న తెల్ల చొక్కా, కండువా, నిటారుగా కూర్చున్నాడు. మా నాన్న అని పక్కనున్న ప్రతివాళ్లకూ చెప్పాలనిపించింది. చెప్పాను కూడా, ఇద్దరికి.

ఆయన వంతు వచ్చింది. ఆంజనేయప్రసాద్ పుస్తకం తెరిచి, పోర్తో పేజీ తీసి చేతికివ్వబోయాడు. నాన్న తీసుకోలేదు. "నా కన్ను నమ్మను, నోటిని నమ్ముతాను" అని లేచి నిలబడ్డాడు. తొంభై మంది పుస్తకాలు తెరిచి ఆ పేజీ మీద వేలు పెట్టుకున్నారు.

"పోర్తోలో తెల్లవారడం సముద్రం మీద మొదలవుతుంది."

వేళ్లు ఆగిపోవడం నేను చూశాను వదినా. ఒకళ్లిద్దరు తలలెత్తారు. ఒకావిడ పేజీ తిప్పి వెనక చూసింది. ఆంజనేయప్రసాద్ నా కుర్చీ వెనక్కు వచ్చి వంగి, "రాధగారూ, ప్రింట్‌లో వేరేగా ఉందేంటండీ" అన్నాడు. నేను నా పుస్తకం మూసేశాను. నాన్న ఎక్కడా తడబడలేదు. దీపస్తంభం తెల్లబడింది, ఏరు తెల్లబడింది, మెట్ల వీధులు తెల్లబడ్డాయి. భీమిలి స్కూలు మైదానంలో మైకు లేకుండా వినిపించిన గొంతు అది. బెస్త స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఆయనే చెయ్యి ఎత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక్కరూ పుస్తకం చూడటం లేదు. ఒక్కరూ తప్పనలేదు. చప్పట్లు ఆగాక ఆయన అన్నది ఇంతే: "ఈ ముక్క మా అమ్మాయి జిల్లా పోటీలో చెప్పింది. నాకన్నా బాగా చెప్పింది."

నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆ తల వంగేది ఆయనదని కదా ఇన్నాళ్లు భయపడ్డాను.

కారులో పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట నిమురుతూ కూర్చున్నాడు. బైండింగ్ బాగుందన్నాడు.  ఎవరైనా ఆయన చెవిన వేశారో లేదో నాకు తెలియదు. ఆంజనేయప్రసాద్ రెండువందల కాపీలు మళ్లీ వేయిస్తాడట, అందులో ఏది ఉంచమంటారని మర్యాదగా అడుగుతున్నాడు.

నువ్వు చెయ్యి పెట్టకన్నావు. పెట్టాను. ఇప్పుడు చెప్పు ఏం చెయ్యాలో.

రాధ

•

ఫ్రీమాంట్
ఆగస్టు 30, 2009

రాధకు,

ఈ ఉత్తరంతోపాటు ఒక పార్సెల్ వస్తుంది. అది తెరవక ముందు ఇది చదువు.

అట్లాసు నాకు మార్కులకు రాలేదు. నోరు మూసుకున్నందుకు వచ్చింది.

స్కూలు నుంచి పోటీకి ఒక్కరినే పంపుతారు, నిన్ను ఎంచుకున్నారు. టెన్త్ వాళ్లను వదిలి నైన్త్ పిల్లనా అని నాకు ఒళ్లు మండింది. మీ ఇంట్లో తింటూ, మీ అమ్మ దువ్విన జడతో తిరుగుతూ, నీ మీద మండిపడ్డాను. నువ్వు పెరట్లో ఆ పేరా వల్లె వేస్తుంటే అట్లాసు తీసుకుని మావయ్య దగ్గరికి వెళ్లాను. వరండాలో కాగితాలు దిద్దుకుంటున్నాడు. పేజీ తెరిచి వేలు పెట్టి, "మావయ్యా, సముద్రం ఇటు ఉంది కదా, ఇది తప్పు కదా" అన్నాను. తప్పంటే ఆ ముక్క తీసేస్తారు, నిన్ను ఆపేస్తారు, నన్ను పంపుతారు. అదీ నా లెక్క.

ఆయన చాలాసేపు ఆ పేజీ చూశాడు. మొహం ఎర్రబడింది. అప్పటిదాకా ఆయనకు తోచలేదు రాధా, అది నేను కళ్లారా చూశాను. తరువాత చిన్నగా నవ్వి, చెవి మీది పెన్సిల్ తీసి, పోర్తో పక్కన సముద్రంలో సగం సూర్యుణ్ని గీశాడు. "నువ్వు చెప్పిందే నిజం దమ్మూ. పది రోజులు ఆగు. దాని పోటీ అయ్యాక నేనే చెబుతాను." చెప్పి, ఆ అట్లాసు మూసి నా చేతిలో పెట్టాడు. నువ్వు పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది అదే.

నువ్వు కప్పు పట్టుకుని వచ్చావు. వీధిలో అందరికీ చూపించాడు. నేను ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని చూశాను. చెప్పలేదు. నేనూ ఊరుకున్నాను. మొదట అసూయ, తరువాత సిగ్గు, ఆ తరువాత అలవాటు.

అయిదేళ్ల కిందట మావయ్య మా దగ్గరికి వచ్చినప్పుడు హాఫ్ మూన్ బే బీచ్‌కి తీసుకెళ్లాను. ఆయన జన్మలో మొదటిసారి పొద్దు సముద్రంలో గుంకడం చూశాడు. పంచె తడిసేదాకా నీళ్లలోకి వెళ్లి నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "అట్లాసు ఇచ్చి నీ నోరు మూయించాను గాని దమ్మూ, దీని నోరు మూయించలేను కదా" అని పడీ పడీ నవ్వాడు. కారెక్కాక మాత్రం, "రాధకు చెప్పకు. అది ఆ కప్పు ఇంకా ఉంచుకుంది" అన్నాడు.

ఇదంతా ఏప్రిల్‌లోనే రాయాల్సింది. ఆయనకిచ్చిన మాట అని నాకు నేను చెప్పుకున్నాను. నీ ముందు చిన్నబోతానని రాయలేదు, అదీ ఉంది. అట్లాసు నీది. ఎనభై తొమ్మిదో పేజీ చూడు.

దమయంతి

•

ఐసెలిన్
సెప్టెంబర్ 27, 2009

వదినా,

అట్లాసు చేరి మూడు వారాలైంది. మొదటి వారం నీ మీద కోపంతో గడిచింది. ఏప్రిల్‌లోనే చెప్పి ఉంటే నేను ఆ వాక్యం జోలికి వెళ్లేదాన్ని కాదు. రెండో వారం, పదిహేనేళ్ల పిల్ల మీద నలభై అయిదేళ్ల మనిషికి కోపమేమిటనిపించింది. నువ్వే వెళ్లి ఉన్నా కప్పు తెచ్చేదానివి. నీ గొంతు పెద్దది.

ఎనభై తొమ్మిదో పేజీ చూశాను. పెన్సిల్ గీత ఇంకా చెరగలేదు. సగం సూర్యుడు, నాలుగు కిరణాలు, చిన్న పిల్లలు గీసినట్టు. ఇంత తప్పు పట్టుకున్నందుకు ఆయన నీ మీద కోప్పడలేదు, తన దగ్గరున్న వాటిలో గొప్పది తీసి ఇచ్చాడు. ఇన్నేళ్లు అది నాకు రాని బహుమతి అనుకున్నాను. నాకోసమే పోయిందని ఇప్పుడు తెలిసింది. గర్వపడాలనుంది, పడుతున్నాను. అంతలోనే ఒక కప్పు కోసం భూగోళం మాస్టారు చేత తప్పు మోయించానే అనిపిస్తుంది.

నాన్న వచ్చే శనివారం వెళ్లిపోతున్నాడు. నిన్న లాంగ్ బ్రాంచ్ బీచ్‌కి తీసుకెళ్లాను, తెల్లవారకముందే బయలుదేరి. భవిత వెనక సీట్లో నిద్రపోయింది. ఇసుకలో ఎవరూ లేరు. ఆయన శాలువా కప్పుకుని, తూర్పుకు తిరిగి, చెయ్యి చాచాడు.

"ఇక్కడి నుంచి తిన్నగా వెళ్లావనుకో, ఎక్కడ తేలతావు?"

తెలియదన్నాను. తెలుసు, కాని ఆయన చేత చెప్పించుకోవాలనిపించింది.

"పోర్తో. కాస్త ఎడమచేతివైపు. నలభై ఒకటో అక్షాంశం."

అప్పుడే నీళ్ల అంచున ఎర్రబడింది. ఆయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సూర్యుడు పూర్తిగా పైకి వచ్చేదాకా కదల్లేదు. అది పోర్తోవాళ్ల సముద్రమే వదినా. వాళ్లకు గుంకేదీ, మాకు లేచేదీ ఆ నీళ్లలోనే. ఆయన నా వైపు తిరిగి, "చూశావా రాధా" అన్నాడు. అంతే అన్నాడు. కారు దాకా నా భుజం పట్టుకుని నడిచాడు.

ఏం చూశావని ఆయన అడిగింది? నేను మార్చిన సంగతి తెలిసి, నా వాక్యమూ నిజమే నీ వాక్యమూ నిజమే అని చెప్పాడా? తెలియకుండా, ఉత్త సూర్యోదయం చూపించాడా? ప్రూఫు రోజున "అది వదిలెయ్" అన్నది వినడం ఇష్టం లేకా, నాకు వదిలేసినట్టా? ఆ రోజు సభలో పాత వాక్యం చెప్పింది నేనింకా తప్పు ఎరగనని అనుకునా, ఎరిగి దిద్దానని తెలిసి నా కప్పు నాకు తిరిగి ఇవ్వడానికా? ఒక్క ప్రశ్న అడిగితే అన్నీ తేలిపోతాయి. పక్క గదిలోనే ఉన్నాడు, సూట్‌కేసులో పుస్తకాలు సర్దుకుంటున్నాడు. పన్నెండు కాపీలు పట్టుకెళతాడట. వాటిలో ఉన్నది నా వాక్యం.

అట్లాసు నా లైబ్రరీ డ్రాయర్‌లో ఉంది. అది ఇంటికి తెస్తే ఆయనకు అన్నీ చెప్పినట్టే. తేకపోతే ఆయన దాచిందాన్ని నేనూ దాచినట్టు. ఆంజనేయప్రసాద్ రెండో ముద్రణకు ఏ పేరా పంపాలో శుక్రవారం లోపు చెప్పమన్నాడు. శనివారం ఫ్లైట్. రోజూ సాయంత్రం డ్రాయరు తెరిచి, ఆ నీలం అట్ట మీద చెయ్యి పెట్టి, మళ్లీ మూసి వస్తున్నాను.

ఏ వాక్యం ఉంచాలో తేల్చుకోలేదు వదినా. అట్లాసు ఇంటికి తేవాలో వద్దో కూడా తేల్చుకోలేదు.

నీ
రాధ